నెరేషన్ మాథుర్

బొంబాయి వర్సోవాలో సినిమా మనుషుల్ని ఎవర్ని కదిపినా ఒక మాట చెబుతారు. త్రిభువన్ మాథుర్ తీసిన సినిమాల కన్నా ఆయన చెప్పిన సినిమాలే బాగుంటాయని. ఒక ఫైనాన్సరు ఆయన దగ్గర కథ విని ఒకసారి ఏడ్చాడట, సినిమా చూసి ఇంకోసారి ఏడ్చాడట. ఈ జోకు మాథుర్ ముందే చెప్పుకుని నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. మొదట్లో అలా నవ్వడం కష్టంగా ఉండేది, ఇప్పుడు ఆ కష్టం కూడా లేదు.

హిందీ సినిమావాళ్ళకి కథ చదవడమంటే మహా చిరాకు. కాయితాల బొత్తి చేతికిస్తే కరెంటు బిల్లు ఇచ్చినట్టు మొహం పెడతారు. కథ వినాలి. హీరోగారు సోఫాలో కాళ్ళు మడిచి కూచుంటే, దర్శకుడు ఎదురుగా నిలబడి సినిమా మొత్తం తన ఒక్క ఒంటితో ఆడి చూపించాలి. హీరో తనే, హీరోయిన్ తనే, హీరోయిన్ మేనత్తా తనే. పాట వచ్చినచోట పాట, వాన వచ్చినచోట వాన. దీన్నే నెరేషన్ అంటారు. ఇందులో గెలిచినవాడికి సినిమా, ఓడినవాడికి టీ. ఈ విద్యలో మాథుర్‌ని కొట్టేవాడు బొంబాయిలో ఇంకా పుట్టలేదు. అందుకే నెరేషన్ మాథుర్ అని పేరు పడిపోయింది. బరేలీ నుంచి రైలెక్కినప్పుడు ఆయన కోరుకున్న పేరు మాత్రం అది కాదు.

మొత్తం పద్నాలుగు ప్రేమకథలు తీశాడు. మొదటిది బ్రహ్మాండంగా ఆడింది. తర్వాతవి ఆడాయంటే ఆడాయి. ఆఖరివి ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు పోయాయో ఆయన భార్యకి కూడా సరిగ్గా తెలీదు. తొమ్మిదేళ్ళుగా కెమెరా వెనక నిలబడింది లేదు. అయితే నోటికి మాత్రం గిరాకీ తగ్గలేదు. ఇప్పటి దర్శకులకి కెమెరాలు తెలుసు, కంప్యూటర్లు తెలుసు, పెద్ద తారల ముందు నోరు విప్పి ఏడిపించడం తెలీదు. కాబట్టి వాళ్ళ కథలు కూడా మాథుర్‌ చేతే చెప్పిస్తున్నారు. పెళ్ళి ఒకడిది, మంత్రాలు ఇంకొకడివి.

ఈ ఏర్పాటు కనిపెట్టినవాడు నిర్మాత పమ్మీ ఆహ్లూవాలియా. చిన్నప్పుడు తండ్రితో సెట్‌కి వచ్చి మాథుర్ ఒళ్ళో కూచుని కుల్ఫీ తిన్నవాడు. "మాథుర్ సాబ్, ఈ ఒక్కటి పట్టాలెక్కించండి, తర్వాతది మీదే" అంటాడు ప్రతిసారీ. ఇప్పటికి మూడు పట్టాలెక్కాయి. మూడుసార్లూ ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. తెలిసి తెలిసీ ఎందుకు వెళ్తాడంటే, ఆయనకి ఇంకొక్క సినిమా తియ్యాలని ఉంది. ఒక్కటంటే ఒక్కటి. ఒంట్లో అన్నీ అలిసిపోయాయి గానీ ఆ సిగ్గులేని ఆశ ఒక్కటే అలిసిపోదు.

ఈసారి కథ ఇషానీ బరువా అనే పిల్లది. గువాహటీ నుంచి వచ్చింది, ఫిల్మ్ స్కూల్లో చదివింది, కథ తనే రాసుకుంది, తనే తియ్యాలి. కథ మంచిదే. చెప్పడమే రాదు. ఒక హీరోయిన్‌కి చెబుతుంటే ఆవిడ ఫోన్లో సోఫా కవర్లు ఏరుకుంది. ఇంకొక ఆవిడ అంతా విని, "ఇంతకీ హత్య ఎవరు చేశారు?" అని అడిగింది. ఆ కథలో హత్యే లేదు.

మిగిలింది సుమేధా కర్ణిక్. మాథుర్ మొదటి సినిమాలో హీరోయిన్, ఆ తర్వాత ఆయన తీసిన మరి కొన్నిటిలో కూడా. పన్నెండేళ్ళ కిందట నటన మానేసి జుహూలో ఏడో అంతస్తులో కూచుంది. పెద్ద పెద్దవాళ్ళు వెళ్ళి కోకం షర్బత్ తాగి తిరిగొచ్చారు. ఆమె ఒప్పుకుంటేనే ఈ సినిమా ఉంది. లేకపోతే పమ్మీ ఈ కథని అటకెక్కిస్తాడు.

కారులో పమ్మీ వెనక్కి తిరిగి ఇషానీకి పాఠం చెప్పాడు.

"చూడు బేటా, లోపల నువ్వు నోరు విప్పకూడదు. నవ్వొద్దు, దగ్గొద్దు."

"నన్ను ఎవరని చెబుతారు?"

"అసిస్టెంటని."

"సినిమా నాది కదా సర్."

"నీది కాదని ఎవరన్నారు? నీది కాబట్టే నోరు మూసుకోమంటున్నా. అసలు నిన్ను తీసుకురావడమే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది. మాథుర్ సాబ్, మీరేమంటారు?"

మాథుర్ ఎసిడిటీ మాత్ర వేసుకున్నానా లేదా అని ఆలోచిస్తున్నాడు. ఆ పిల్ల పక్క సీట్లోంచి తన వైపు చూస్తోందని తెలుసు. అటు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.

సుమేధే తలుపు తీసింది. జుట్టుకి రంగు వెయ్యడం మానేసింది. నేత చీర, కళ్ళజోడు, చేతిలో సగం ఒలిచిన బఠాణీల పళ్ళెం.

"రండి మాథుర్ సాబ్. లిఫ్టు దగ్గర్నించే మీ మూలుగు వినిపించింది. మోకాలేనా?"

"మోకాలు మొన్నటిదాకా సుమీ. ఇప్పుడు అన్నీ ఒకటయ్యాయి."

"పమ్మీ, నువ్వు లావయ్యావురా."

"లేదు దీదీ, మొన్నటిదాకా సన్నగానే ఉన్నా."

"ఏ మొన్న? మీ నాన్న ఉన్నప్పుడా?" అని, వెనక నిలబడ్డ పిల్లని చూసింది. "ఈ అమ్మాయెవరు?"

"అసిస్టెంట్ దీదీ. ఏదో నోట్సు రాసుకుంటుంది" అన్నాడు పమ్మీ.

ఇషానీ సోఫా చివర, బఠాణీ తొక్కల గిన్నె పక్కన కూచుంది. మాథుర్‌కి కాస్త సిగ్గేసింది. ఇలాంటి సిగ్గులు ఆయనకి కొత్త కాదు. నెరేషన్ మొదలయితే పోతాయి.

మొదలైంది. గది మధ్యన నిలబడి, గొంతు తగ్గించి, "నాగపూర్. మే నెల. రోడ్డు మీద కుక్క కూడా లేదు" అన్నాడు. పమ్మీ ఫోన్ పక్కన పెట్టాడు. సుమేధ బఠాణీలు ఒలవడం ఆపింది.

కథ చిన్నదే. కుసుమ్ అని యాభై దాటిన వితంతువు, డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. దివాకర్ అని ఒకాయన నేర్చుకోవడానికి వస్తాడు. వాళ్ళింట్లో కారు భార్యే నడిపేది. భార్య పోయింది, కారు గుడ్డ కప్పుకుని వాకిట్లో ఉండిపోయింది. అంతే. ఆ పిల్ల రాసింది అంతే. దాన్ని మాథుర్ పట్టుకున్నాడు. దివాకర్‌గా వణుకుతూ గేరు వేశాడు, కుసుమ్‌గా నెత్తి బాదుకున్నాడు. "క్లచ్చండీ క్లచ్చు! క్లచ్చంటే బ్రేకు తొక్కుతారేంటి? మీ ఆవిడ మిమ్మల్ని ఎలా భరించింది?" అని కసిరి, ఆ మాట అన్నందుకు నాలిక కరుచుకున్నాడు. సుమేధ పగలబడి నవ్వింది. ఆ నవ్వు మీదనే ఆయన గొంతు దించి, "ఆవిడా ఇలాగే తిట్టేది" అన్నాడు దివాకర్‌గా. సుమేధ నవ్వు మొహంలోనే ఆగిపోయింది.

అది ఎక్కడ ఆగుతుందో ఆయనకి ముందే తెలుసు. నలభై ఏళ్ళుగా అక్కడే ఆగుతోంది. ఎక్కడ మాట తగ్గించాలో, ఎక్కడ కిటికీ వైపు తిరగాలో, ఎక్కడ కళ్ళు నిండాలో ఆయన ఒంటికి అలవాటైపోయింది. కళ్ళు నిండాయి కూడా. ఆ నిండిన కళ్ళతోనే, మాత్ర వేసుకోలేదని ఆయనకి ఖాయంగా గుర్తొచ్చింది. కడుపులో మంట మొదలైంది.

ఆఖరికి లైసెన్సు పరీక్ష రోజు తెచ్చాడు. జోరున వాన. పరీక్షలో నెగ్గితే ఇక కుసుమ్‌ని చూడడానికి సాకు ఉండదు. దివాకర్ బాగా నడిపి, చివర్లో కావాలని తీసుకెళ్ళి స్తంభానికి గుద్దాడు. ఇన్‌స్పెక్టర్ ఫెయిలని రాసుకున్నాడు. అవతల గొడుగు కింద నిలబడ్డ కుసుమ్‌కి అర్థమయింది. గొడుగు వదిలేసింది. పరిగెత్తింది. మాథుర్ కూడా తివాచీ మీద నాలుగడుగులు పరిగెత్తి, చేతులు చాచి, నోట్లోంచి మాట రాక, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కూలబడడం కథలోది. లేవలేకపోవడం నిజం.

సుమేధ వెక్కి వెక్కి ఏడుస్తోంది. పమ్మీ కూడా ముక్కు తుడుచుకున్నాడు. ఇషానీ మాత్రం బ్యాగు పట్టీని రెండు చేతులా పట్టుకుని నేలకేసి చూస్తోంది. ఆమె రాసిన కథలో వాన లేదు, స్తంభం లేదు, గొడుగు లేదు.

"చేస్తాను" అంది సుమేధ, కళ్ళజోడు తీసి పమిటతో మొహం తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళు ఎవరికీ చేస్తానని అనలేదు. మీరు అడిగితే కాదని ఎలా అంటాను మాథుర్ సాబ్? మీరు తీస్తే చేస్తాను. షూటింగ్ ఎప్పుడు?"

కథ చెప్పినవాడే దర్శకుడని ఆమె అనుకుంది. అనుకోదా మరి? ఈ ఊళ్ళో ఎవరైనా అదే అనుకుంటారు. పొరుగువాడి బిడ్డకి ఉయ్యాల ఊపుతూ ఇంతలా ఏడ్చేవాడు ఉంటాడని ఆమెకేం తెలుసు?

పమ్మీ బుర్ర మాత్రం చురుగ్గా పనిచేసింది. "ఇంకెవరు తీస్తారు దీదీ! ఇలాంటి కథ మాథుర్ సాబ్ తప్ప ఇంకెవరి వల్ల అవుతుంది? దీపావళి అయిపోగానే మొదలు!" అని, ఇషానీ వైపు ఒక చూపు విసిరాడు. నీ సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడు కదిలావో చూడు అని దానర్థం. ఆ పిల్ల కదల్లేదు. మొహంలో రక్తం లేదు.

మాథుర్ తివాచీ మీదే ఉన్నాడు. ఆయనకి సంతోషం వేసింది. దాచుకోవడానికేముంది, గొప్ప సంతోషం వేసింది. తొమ్మిదేళ్ళు గుమ్మాల దగ్గర నిలబడ్డ మనిషికి సినిమా ఇంట్లోకే వచ్చింది. సుమేధ హీరోయిన్. నోరు మూసుకుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు, అబద్ధం కూడా పమ్మీయే ఆడాడు. ఆ పిల్లకేం, వయసుంది, ఇంకొకటి రాసుకుంటుంది. తన వయసులో ఇంకొకటి అన్న మాటే లేదు.

"చెయ్యివ్వరా పమ్మీ" అన్నాడు. పమ్మీ లేపి కుర్చీలో కూచోబెట్టాడు, కొత్త పెళ్ళికొడుకుని కూచోబెట్టినంత మర్యాదగా.

సుమేధ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆమె మొహంలో పాత హుషారు వచ్చింది. "మొదటి రోజు కారులో కూచునే సీను ఉంది చూడండి, దాన్ని ఎలా తీస్తారు? కెమెరా ముందు సీట్లోనా, వెనకా? నాకు చెప్పండి, ఇప్పట్నించే ఆలోచించుకుంటాను."

మాథుర్ నోరు తెరిచాడు.

ఆ సీను ఎలా ఉంటుందో వెతికాడు. కనిపించలేదు. ఇందాక గది నిండా ఉన్న నాగపూర్, ఆ ఎండ, ఆ కారు, ఏదీ లేదు. గానుగలోంచి బయటికొచ్చిన చెరుకు పిప్పిలా ఉంది కథ. ఎప్పుడూ ఇంతే. ప్రతి సినిమాకీ ఇంతే. హీరోకి చెప్పి, హీరో తల్లికి చెప్పి, ఫైనాన్సరుకి చెప్పి, ఫైనాన్సరు బావమరిదికి చెప్పి, చెప్పిన ప్రతిచోటా ప్రాణం పెట్టి ఏడ్చి, తీరా కెమెరా ముందుకొచ్చేసరికి తన దగ్గర మిగిలేది పిప్పే. దాన్నే తీసేవాడు. జనం ఎందుకు కదలడం లేదని రాత్రింబవళ్ళు కుమిలేవాడు. ఈ సంగతి ఆయనకి ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఒప్పుకోవడానికే ఓపిక లేకపోయింది.

"ఏంటలా చూస్తారు?" అని నవ్వింది సుమేధ. "మొదటి సినిమాకీ ఇంతే మీరు. పమ్మీ, నీకు తెలుసా? ఆ సినిమా కథ ఈయన నాకు చెప్పనేలేదు. రెండు ముక్కలు అని చెమటలు పట్టి ఆగిపోయాడు. మీ నాన్న కూడా విననేలేదు. ఆయనకి కుడి చెవి వినపడదు కదా, ఈయన పోయి ఆ వైపే కూచున్నాడు. పెద్దాయన అంతా విన్నట్టు తలూపి సరేనన్నాడు. ఇక నాకైతే, ఆ గుమ్మంలో నిలబడు, ఎందుకో నాకూ తెలీదు, నిలబడితే తెలుస్తుంది, అన్నాడు. నిలబడ్డాను. తెలిసింది. దానికే కదా మనిద్దరికీ పేరొచ్చింది!"

పమ్మీ గట్టిగా నవ్వాడు. మాథుర్ నవ్వలేదు. ఆయన కళ్ళు సోఫా చివరికి పోయాయి. అక్కడ చెమటలు పట్టి, మాట రాక, బ్యాగు పట్టీ మెలిపెడుతూ ఒక పిల్ల కూచుని ఉంది. ఆ పిల్ల దగ్గర కథ మొత్తం ఉంది. ఒక్క చుక్క కారిపోలేదు.

"సుమీ, ఈ సినిమా నాది కాదు" అన్నాడు.

"సాబ్!" అన్నాడు పమ్మీ.

"నువ్వాగరా. సుమీ, కథ ఈ అమ్మాయిది. ఇషానీ. రాసింది తనే, తీసేదీ తనే. అసిస్టెంటు కాదు. ఈమెకి చెప్పడం రాదని నన్ను తెచ్చారు. పెళ్ళిళ్ళకి బ్యాండువాళ్ళని పిలుస్తారే, అలా."

సుమేధ ఆయన్ని చూసింది, పమ్మీని చూసింది, ఆ పిల్లని చాలాసేపు చూసింది. "మరి ఆ వాన, గొడుగు?"

"నావి మేడమ్ కావవి" అంది ఇషానీ. మాటలు ముందూ వెనకా అయ్యాయి. వచ్చినప్పట్నించి ఆమె నోరు విప్పడం అదే మొదలు. తర్వాత ఇంకేదో చెప్పబోయి, "అది... చివర్లో... వాళ్ళు..." అని ఆగిపోయింది.

"వద్దు, చెప్పకు" అంది సుమేధ. "కాయితాలు ఉన్నాయా? అక్కడ పెట్టు. నేను చదువుకుంటాను. పమ్మీ, ఈ కథ పేరు చెప్పి నా దగ్గరికి ఇంకెవర్నీ పంపకు. చదివాక నేనే ఈ అమ్మాయికి ఫోన్ చేస్తాను. నీకు కాదు."

పమ్మీ ఎర్రబడ్డ మొహంతో లేచి, కిందికెళ్ళి కారు తియ్యమంటానని చెప్పి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర సుమేధ మాథుర్ చెయ్యి పట్టుకుంది.

"మీరు తీస్తే ఆ చివరి సీన్లో నన్ను ఏడిపించేవాళ్ళు కదూ?"

"ఏడిపించేవాణ్ణి."

"ఆ అమ్మాయి ఏడిపించదేమో."

"ఏమో. ఏడిపించదనుకుంటా."

"నాకు ఏడుపంటే విసుగొచ్చింది మాథుర్ సాబ్. అందుకే మానేశాను. మీ మీద కోపం కాదు. వానలో తడిసి తడిసి, ఏడ్చి ఏడ్చి అలిసిపోయాను. ఎవరితోనూ అనలేదు. ఇవాళ అనేశాను, ఏమనుకోకండి."

మాథుర్ తల ఊపాడు. ఫ్లాపులు ఆయన్ని ఇంత కష్టపెట్టలేదు.

మాథుర్, ఇషానీ కిందికొచ్చేసరికి పమ్మీ కారు లేదు. చౌకీదారుని అడిగితే, "వెళ్ళిపోయారు సాబ్, తలుపు గట్టిగా వేసుకుని మరీ" అన్నాడు. తర్వాతది మీదే అన్న మాట కూడా ఆ కారులోనే వెళ్ళిపోయిందని మాథుర్‌కి అర్థమయింది. ఆటోలు ఆగకుండా పోతున్నాయి. మాథుర్ నిలబడలేక, సందు చివర టీ బండి దగ్గర స్టూలు లాక్కుని కూచున్నాడు.

ఇషానీ రెండు టీలు తెచ్చింది. తన గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడింది. థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాడు. చెప్పలేదు.

"మీరు నా చివరి సీను మార్చారు సర్."

"మార్చలేదమ్మా. నీది నేను చదవనే లేదు."

"చదవలేదా?"

"ముప్పావు దాకా చదివాను. ఆపైన ఎలా ముగుస్తుందో తెలుసులే అనుకున్నాను. ఇన్ని ప్రేమకథలు తీసినవాడికి ముగింపు ఒకళ్ళు చెప్పాలా అనుకున్నాను." టీ ఊదుకున్నాడు. "ఏముంది అందులో?"

"నాకు చెప్పడం రాదు సర్."

"వచ్చినంత చెప్పు. నాకు ఎవరైనా కథ చెప్పి చాలా కాలమైంది."

ఆ పిల్ల గ్లాసులోకి చూస్తూ చెప్పింది. తడబడింది, వెనక్కి వెళ్ళింది, పేర్లు తారుమారు చేసింది. దివాకర్ పరీక్షలో నెగ్గుతాడు. లైసెన్సు వస్తుంది. గుడ్డ తీసి, భార్య కారు తుడిచి, కుసుమ్ ఇంటి ముందుకి తెస్తాడు. ఒకసారి కూచుంటారా అంటాడు. ఆమె పక్క సీట్లో కూచుంటుంది. వార్ధా రోడ్డు మీద వెళ్తుంటారు.

"నేర్పే కార్లలో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉంటుంది కదా సర్. ఇరవై ఏళ్ళుగా ఆమె పాదం దాని మీదే ఉంది. ఎవరో ఒకరు ఎక్కడో గుద్దేస్తారని. ఈ కారులో అది లేదు. అయినా కాసేపు ఆమె పాదం ఉత్త నేలని తొక్కుతూనే ఉంటుంది, లారీ వచ్చినప్పుడల్లా. తర్వాత తొక్కడం మానేస్తుంది. తర్వాత..."

"తర్వాత?"

"నిద్రపోతుంది సర్. ఆయన చూసి, కొంచెం నెమ్మదిగా నడుపుతాడు. అంతే."

మాథుర్ అలవాటు కొద్దీ వెతికాడు. ఎక్కడ ఒక వయొలిన్ పెట్టొచ్చు, ఎక్కడ ఒక కన్నీటిబొట్టు, ఎక్కడ ఆయన గేరు మారుస్తూ ఆమె చెయ్యి తాకొచ్చు. వెతికి వెతికి ఊరుకున్నాడు. అందులో తను చేసేందుకు పనేమీ లేదు. నలభై ఏళ్ళ నుంచీ తను కూడా కుసుమ్‌లాగే కాలు ఎత్తకుండా బ్రేకు తొక్కుతూనే ఉన్నానని ఆయనకి అనిపించింది. కథ ఎక్కడ పడిపోతుందో, హీరో ఎక్కడ ఆవలిస్తాడో, సినిమా ఎక్కడ చేజారిపోతుందో అని. ఇవాళ చేజారింది. ఏమీ కాలేదు. ఎదురుగా ఆటోలు పోతున్నాయి, టీ వేడిగా ఉంది.

ఆయన కళ్ళు మూసుకోవడం చూసి ఆ పిల్ల కంగారుపడింది.

"నచ్చలేదా సర్?"

"నిద్రొస్తోందమ్మా" అన్నాడు మాథుర్, కళ్ళు తెరవకుండానే.

ఆమె ఆయన చేతిలోంచి గ్లాసు జారిపోకుండా తీసుకుని, స్టూలు పక్కన నిలబడి, ఆటో కోసం చూడసాగింది.